ఎరుపు వైపు

నాన్న పోయిన నలభై మూడో రోజున ఆ ఉత్తరం వచ్చింది. పోస్ట్‌మన్ గుమ్మంలో నిలబడి అమ్మ చేత రెండు చోట్ల సంతకం పెట్టించుకున్నాడు. అమ్మ కవరును అటూ ఇటూ తిప్పి చూసి నాకిచ్చింది. అమ్మకు చదవడం రాక కాదు. ఆఫీసుల నుంచి వచ్చే కాగితాల్లో వాక్యాలు మరీ పొడుగ్గా ఉంటాయి, చివరికొచ్చేసరికి మొదలేమిటో గుర్తుండదు. అందుకని అలాంటివన్నీ నా పని. రాయడం కూడా నా పనే. నలుగురిలో నాకు నోరు పెగలదు గానీ కాగితం ముందు కూర్చుంటే ఏ ఇబ్బందీ ఉండదు.

"పైకి చదువు," అంది అమ్మ.

చదివాను. విధి నిర్వహణలో మరణించిన అగ్నిమాపక సిబ్బంది కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే పరిహారం కోసం మీరు పెట్టుకున్న దరఖాస్తును పరిశీలించడమైనది. స్టేషన్ రిజిస్టరు ప్రకారం ప్రమాద సమయానికి మీ భర్త విధుల్లో లేరు. కావున దరఖాస్తును తిరస్కరించడమైనది. మూడు నెలల్లోగా క్వార్టరు ఖాళీ చేయవలసినది.

"విధుల్లో లేరంట," అన్నాను.

"ఎవరు?"

"నాన్న."

అమ్మ నవ్వింది. నలభై మూడు రోజుల తర్వాత మొదటిసారి. "మరి ఆ పూట ఫైరింజన్ ఎక్కింది ఎవరంట? నేనా?"

ఉత్తరాన్ని దాని మడతల్లోనే మళ్ళీ మడిచి కవరులో పెట్టాను. నాన్న విధుల్లో లేడని రిజిస్టరులో ఎందుకు ఉందో నాకు తెలుసు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ పూర్తిగా తెలియదు.

స్టేషన్‌లో గుమాస్తా గది కిటికీకి ఎదురుగా ఒక నల్ల చెక్క బోర్డు ఉంటుంది. దాని నిండా వరసగా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో రేకు బిళ్ళ. బిళ్ళ మీద మనిషి నంబరు. ఒకవైపు ఎరుపు, రెండోవైపు తెలుపు. డ్యూటీ ఎక్కినవాడు తన బిళ్ళను ఎరుపు వైపు తిప్పుకోవాలి, దిగినవాడు తెలుపు వైపు. పొద్దున ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ గుమాస్తా కిటికీలోంచి బోర్డు చూసి ఎర్రగా ఉన్న నంబర్లను రిజిస్టరులోకి ఎక్కిస్తాడు. ఎర్రబిళ్ళలు ఆరుండాలి. ఐదుంటే అరుస్తాడు, ఏడున్నా అరుస్తాడు. మనుషుల వైపు మాత్రం తలెత్తి చూడడు.

దానికొక పద్ధతి ఉండేది. రావలసిన మనిషికి ఆలస్యమైతే, దిగవలసిన మనిషి అతని బిళ్ళను ఎర్రగా, తన బిళ్ళను తెల్లగా తిప్పేసి, అతను వచ్చేదాకా అతని బదులు ఉండేవాడు. ఇంజన్ మీద ఆరుగురు ఉండాలి, ఆరుగురూ ఉంటారు. వాళ్ళలో ఎవరూ దాన్ని అబద్ధం అనుకోలేదు. "మంటకి నంబర్లతో పనేంటే?" అనేవాడు నాన్న.

నాన్న ఎక్కువసార్లు తిప్పింది పదకొండో నంబరు. అది పావుగంట బాబాయ్‌ది. ఆయన మాకు చుట్టమేమీ కాదు, నాన్నతో పాటు ఉద్యోగంలో చేరిన మనిషి, క్వార్టర్లలో మా పక్క ఇల్లు. ఎక్కడికి వెళ్ళినా సరిగ్గా పావుగంట ఆలస్యంగా వెళ్తాడని స్టేషన్‌లో ఆ పేరు పెట్టారు. తన పెళ్ళికి కూడా అలాగే వచ్చాడట. "ఆ పావుగంటా వాడుకుని పారిపోవాల్సింది, నాకే తెలివి లేకపోయింది," అనేది పిన్ని. బాబాయ్ అందరికంటే గట్టిగా నవ్వేవాడు. నేను పుట్టినప్పుడు మూడు రాత్రులు నాన్న బిళ్ళ తిప్పి నాన్న బదులు ఉన్నది ఆయనే.

నేను అమ్మమ్మగారి ఊళ్ళో పదో తరగతి దాకా చదువుకుని రెండేళ్ళ క్రితం క్వార్టర్లకు వచ్చాను. చిన్నప్పుడు సెలవులకు వస్తే నాన్న నన్ను ఎత్తుకుని బిళ్ళలు తిప్పించేవాడు. పెద్దయ్యాక మగవాళ్ళంతా కూర్చుని ఉండే ఆ వరండాలోకి వెళ్ళాలంటే సిగ్గు. తల దించుకుని వెళ్ళి, తల దించుకుని వచ్చేసేదాన్ని.

నాన్న పోయిన రోజు పొద్దున అమ్మ నన్ను పాల ప్యాకెట్లకు పంపింది. "వచ్చేటప్పుడు మీ నాన్నని వెంటబెట్టుకురా, లేకపోతే అక్కడే కబుర్లలో పడిపోతాడు," అంది. స్టేషన్‌కు మా క్వార్టర్ల నుంచి పది నిమిషాల నడక. వెళ్ళేసరికి ఎనిమిదికి రెండు నిమిషాలుంది. నాన్న వెనక పెరట్లో తడి గొట్టాలను చుట్టలు చుడుతున్నాడు. మోచేతుల దాకా బురద. పావుగంట బాబాయ్ ఇంకా రాలేదు. నాన్న తన చేతులు చూసుకుని, బిళ్ళలు నన్ను తిప్పమన్నాడు. నేను వెళ్ళి పదకొండు ఎర్రగా తిప్పాను. ఏడు, అది నాన్నది, తెల్లగా తిప్పాను. గుమాస్తా కిటికీలోంచి చూసి రాసుకున్నాడు. నేను తల దించుకుని వచ్చేశాను.

వీధి మలుపు దాకా వచ్చానో లేదో గంట మోగింది. ఇంజన్ నా పక్క నుంచే వెళ్ళింది. నాన్న ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చుని గడ్డం కింద హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్నాడు. నన్ను చూడలేదు. పరుపులు కుట్టే షెడ్డులో మంటలు. లోపల మనుషులెవరూ లేరు. పక్క గోడ నానిపోయి ఉందని ఎవరికీ తెలియలేదు. అది కూలినప్పుడు గొట్టం పట్టుకుని దాని ముందు నిలబడింది నాన్న.

ఇంటికి రాగానే నేను అమ్మతో చెప్పింది, "నాన్న మంటలకి వెళ్ళాడు," అని మాత్రమే. బిళ్ళల మాట చెప్పలేదు. అప్పుడు చెప్పేంత విషయం కాదది. తర్వాత చెప్పగలిగే విషయం కాదు.

ఆ సాయంత్రం పై ఆఫీసుకు పంపిన మొదటి నివేదికను రిజిస్టరు చూసి రాశారు. అందులో పదకొండో నంబరు ఇంజన్ మీద ఉన్నాడు. ఒకసారి అలా వెళ్ళిపోయాక, కాదు అంటే గుమాస్తా నుంచి స్టేషన్ పెద్దసారు దాకా అందరి మెడకూ చుట్టుకుంటుంది. పెద్దసారు ఒక్కొక్కరి చేతా సంతకాలు తీసుకున్నాడు. బాబాయ్ కూడా పెట్టాడు.

ఉత్తరం వచ్చిన మర్నాడు పెద్దసారే మా ఇంటికి వచ్చాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"చూడమ్మా, నేనొక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకూడదు. డ్యూటీ దిగి ఇంటికెళ్తూ, గంట వినపడి, ఆగలేక తనంతట తనే మంటల్లోకి వెళ్ళాడని రాద్దాం. సాహసం కింద వస్తుంది. మనసున్నవాడని పేరు. పతకం ఇప్పిస్తాను. మా సిబ్బంది నిధి నుంచి ఎంతో కొంత వస్తుంది. క్వార్టరు ఇంకో ఆర్నెల్లు ఉంచమని నేనే అడుగుతా."

"మరి పరిహారం?" అంది అమ్మ.

"అది డ్యూటీలో పోయినవాళ్ళకమ్మా."

"ఆయన డ్యూటీలోనే పోయారు."

"నాకు తెలీదా? తెలియడం వేరు, కాగితం వేరు."

అమ్మ ఆయన టోపీ వైపు చూసింది. "సార్, ఆయన చూడ్డానికెళ్ళి చచ్చిపోలేదు. పనికెళ్ళి చచ్చిపోయారు. ఆ ముక్క రాయండి. పతకం మీ దగ్గరే ఉంచుకోండి," అంది.

పెద్దసారు చెడ్డవాడు కాదు. లేచేటప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. కానీ ఆ ముక్క మాత్రం రాస్తానని అనలేదు.

నాన్న పోయినప్పటి నుంచి బాబాయ్ రోజూ సాయంత్రం వస్తున్నాడు. బిందె నింపేవాడు, ఊడిపోయిన తలుపు గొళ్ళెం బిగించేవాడు, అడగని పనులన్నీ చేసేవాడు. గుమ్మం మాత్రం దాటేవాడు కాదు. ఆ రోజు అమ్మ ఆయన్ను గుమ్మంలోనే ఆపింది.

"ఉత్తరం సంగతి విన్నావా?"

"విన్నా వదినా."

"విని?"

బాబాయ్ బిందె కింద పెట్టాడు. "అన్న నా బదులే వెళ్ళాడని నోటిదాకా వస్తుంది వదినా. పిల్లలిద్దరూ కళ్ళ ముందు కనపడతారు. మింగేస్తా."

అమ్మ ఏదో అనబోయేలోపే పక్క వరండాలోంచి పిన్ని గొంతు వినపడింది. "అక్కా, ఆయన్నేం అడక్కు. ఇప్పటికే రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు."

"నేను మాత్రం నిద్రపోతున్నానా?" అంది అమ్మ.

"నీకు నిద్ర పట్టాలని మా పొయ్యి ఆర్పుకోమంటావా?"

అమ్మ తలుపు వేసేసింది. కొంతసేపటికి తెరిచి చూస్తే బిందె నిండుగా గుమ్మంలో ఉంది, బాబాయ్ లేడు.

ఆ మర్నాడే అమ్మ చెప్తుండగా నేను అర్జీ రాశాను. మా ఆయన ఆ పూట డ్యూటీలో ఉన్నారు, విచారణ జరిపించి నిజం తేల్చండి అని. అమ్మ చెప్పిన మాటల్లో ఒక్కటీ మార్చలేదు. రాస్తున్నంతసేపూ నా చెయ్యి వైపు చూడబుద్ధి కాలేదు. నాన్నను తెలుపు వైపు తిప్పిన చెయ్యి అదే. పదకొండు మాత్రం తిప్పి నాన్నది వదిలేసి ఉంటే ఏడు ఎర్రబిళ్ళలు ఉండేవి, గుమాస్తా అరిచేవాడు, నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని, అంతకంటే ఏమీ అయ్యేది కాదు.

విచారణకు నెలన్నర పట్టింది. పెద్దాఫీసు రెండో అంతస్తులో ఒక పొడుగాటి గది. మధ్యలో బల్ల. విచారణాధికారి ఒక మేడమ్, మా అమ్మ కంటే ఐదారేళ్ళు పెద్దదై ఉంటుంది. చేతిగడియారం విప్పి ముందు పెట్టుకుంది. గుమాస్తా, పెద్దసారు, డ్రైవరు, బాబాయ్ ఒక వరసలో కూర్చున్నారు. ఎదురు వరసలో అమ్మా నేనూ. గోడకు ఆనించి, వార్తాపత్రిక పరిచిన నేల మీద, స్టేషన్ బోర్డు ఉంది. దాన్ని అలాగే ఊడబీకి తెచ్చారు. ఏడో నంబరు తెల్లగానే ఉంది. అప్పటి నుంచి దాన్ని తిప్పినవాళ్ళు లేరు.

మేడమ్ గుమాస్తాను అడిగింది. "ఆ రోజు ఎనిమిదికి మీరేం చూశారు?"

"పదకొండు ఎరుపండి. ఏడు తెలుపండి."

"మనుషుల్ని చూశారా?"

"బోర్డు చూశానండి."

"బిళ్ళలు ఎవరు తిప్పుతారు?"

పెద్దసారు అందుకున్నాడు. "ఎవరిది వాళ్ళే తిప్పుకోవాలి మేడమ్. అది రూలు."

"అంటే ఏడో నంబరు తనంతట తనే డ్యూటీ దిగినట్టు తిప్పుకున్నారు. అంతేనా?"

"అంతే మేడమ్."

మేడమ్ రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ కలం చివరికి చేరేలోపు ఏదో ఒకటి చేయాలని తెలుస్తోంది. అమ్మ చీర కొంగు నా వేళ్ళకు చుట్టుకుని ఉంది. ఎప్పుడు చుట్టుకున్నానో తెలియదు. దాన్ని విప్పుకుని లేచాను.

"నేను తిప్పాను."

"ఏంటమ్మా? గట్టిగా చెప్పు."

"నేను తిప్పాను. రెండు బిళ్ళలూ నేనే తిప్పాను."

అమ్మ నా వైపు తిరిగింది. బాబాయ్ కూడా. నేను బల్ల కోళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను. పాలకు వెళ్ళడం, ఎనిమిదికి రెండు నిమిషాలుండటం, గొట్టాలు, బురద చేతులు, అన్నీ చెప్పాను. నేను ఎప్పుడూ అంతసేపు అంతమందిలో మాట్లాడలేదు.

మేడమ్ కలం మూత పెట్టింది. "బాగా విను తల్లీ. నీ అంతట నువ్వే తిప్పి ఉంటే ఒక రకం. మీ నాన్న తిప్పమని చెప్పి ఉంటే అది తప్పుడు హాజరు. తప్పుడు హాజరు రాయించిన మనిషికి పరిహారం రాదు. ఇప్పుడు చెప్పు. మీ నాన్న తిప్పమన్నారా?"

లేదు అంటే చాలు. ఒక్క మాట. ఆ ఒక్క మాటకే నాన్న మళ్ళీ ఎరుపు వైపుకు వచ్చేస్తాడు. కానీ చేతుల బురద చూసుకుంటూ నన్ను పిలిచిన నాన్న కళ్ళ ముందు నిలబడి ఉంటే, ఆయన నన్ను పిలవలేదని ఎలా అనను? అవును అనీ అనలేను.

"ఆ పిల్లనేం అడక్కండి మేడమ్."

బాబాయ్ లేచి నిలబడ్డాడు. పెద్దసారు ఆయన చొక్కా పట్టి లాగాడు. "కూర్చోవయ్యా."

"కూర్చోను సార్. మూడు నెలల నుంచి కూర్చునే ఉన్నా." ఆయన మేడమ్ వైపు తిరిగాడు. "ఆ పదకొండు నాది. ఆ పూట నేను ఇంజన్ ఎక్కలేదు. ఎనిమిదిన్నర కావస్తుండగా స్టేషన్‌కొస్తే ఇంజన్ లేదు. సైకిల్ తొక్కుకుంటూ షెడ్డుకెళ్ళా. అప్పటికే గోడ పడిపోయింది. ఇటుకలు తీసింది మాత్రం నేనే."

"ఇంజన్ మీద వెళ్ళానని సంతకం పెట్టారు కదా?"

"పెట్టాను."

"ఎందుకు?"

"భయమేసింది."

బాబాయ్ చెయ్యెత్తి బోర్డు వైపు చూపించాడు. "అదేం చెప్తుందో నాకనవసరం మేడమ్. మా పనిలో మొదటి రోజు నేర్పేది ఒకటే. బదులు మనిషి వచ్చి ఎదురుగా నిలబడేదాకా ఉన్న మనిషి కదలకూడదు. నేను రాలేదు. అంటే ఆయన దిగలేదు. దిగనివాడు డ్యూటీలో ఉన్నట్టే కదా?"

డ్రైవరు కూర్చునే చెప్పాడు. "ఇంజన్ నడిపింది నేనే మేడమ్. నా పక్క సీట్లో ఉంది ఏడో నంబరు." అని తల వంచుకున్నాడు.

మేడమ్ రూల్ పుస్తకం అడిగింది. పెద్దసారు సంచిలోంచి తీసి, పేజీ వెతికి మరీ ఆమె ముందు పెట్టాడు. ఆయనకు ఆ పేజీ ఎక్కడుందో ముందు నుంచీ తెలుసనిపించింది. మేడమ్ మళ్ళీ నన్నేమీ అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. సగం దారి దాకా నా వైపు తిరగలేదు. అమ్మకు నా మీద కోపం వచ్చిందనుకున్నాను. రావాలి కూడా.

"నాన్న తిప్పమన్నాడా?" అంది, బయటికే చూస్తూ.

"ఊఁ."

"ఏమని చెప్పాడు?"

"తిప్పమని."

"అలా కాదు. ఏ మాట అన్నాడో ఆ మాట చెప్పు. ఉన్నదున్నట్టు."

అప్పుడు అర్థమైంది అమ్మ అడుగుతున్నదేమిటో. ఇంట్లో వాళ్ళతో నాన్న చివరగా మాట్లాడిన మాటలు అవే. అవి ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉండిపోయాయి, నేను దాచింది తప్పునే అనుకున్నాను.

"'పావుగంటగాడిది తిప్పి నాది దించెయ్ తల్లీ, నా చేతులు చూడు ఎలా ఉన్నాయో. నువ్వు పద, అమ్మతో వచ్చేస్తున్నానని చెప్పు,' అన్నాడు."

"వచ్చేస్తున్నానన్నాడా?"

"ఊఁ. దార్లోనే గంట మోగింది కదా. ఇంకెందుకులే అని చెప్పలేదు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బస్సు రెండు స్టాపులు దాటింది. టికెట్లు కొట్టే ఆయన వచ్చి మా వైపు చూసి వెనక్కి వెళ్ళిపోయాడు.

"ఇంకోసారి చెప్పు," అంది.

చెప్పాను. మా స్టాపు వచ్చేలోపు నాలుగుసార్లు చెప్పించుకుంది. మూడోసారి 'నా చేతులు చూడు' దగ్గర నేను ఒక మాట వదిలేస్తే పట్టుకుంది.

ఆర్డరు రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. అందులో నా గురించి ఒక వాక్యం ఉంది: బిళ్ళలను మృతుని కుమార్తె తెలియక తిప్పినట్టు విచారణలో తేలినది. నేనలా చెప్పలేదు. మేడమ్ అలా రాసింది. దాని కింద, బదులు సిబ్బంది రానందున ఆయన విధుల్లో కొనసాగినట్టుగానే పరిగణించవలెను, కుటుంబానికి పూర్తి పరిహారం చెల్లించవలెను అని ఉంది. అమ్మ ఈసారి తనే చదువుకుంది. విధి నిర్వహణలో మరణించిన అన్న మాటల దగ్గర వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ కాగితాన్ని నాన్న మడత బట్టల మధ్య పెట్టింది.

అదే వారం పక్కింటికీ ఒక ఆర్డరు వచ్చింది. గుమాస్తాకూ పెద్దసారుకూ మందలింపు. డ్రైవరుకు బదిలీ. బాబాయ్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. గైర్హాజరు, తప్పుడు సంతకం.

అమ్మ ఆ సాయంత్రమే పక్కింటికి వెళ్ళింది. నేను వెనకే నిలబడ్డాను. పిన్ని వరండాలో బట్టలు మడత పెడుతోంది. తలెత్తలేదు.

"ఏం చెప్పాలో తెలియక వచ్చానే," అంది అమ్మ.

"చెప్పడానికేముంది అక్కా? మీ ఆయన డ్యూటీలో ఉన్నాడని మీకు కాగితమొచ్చింది. మా ఆయన లేడని మాకొచ్చింది. రెండూ నిజమే." పిన్ని మడత పెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడత పెట్టింది. ఆ తర్వాత ఆమె మాతో మాట్లాడటం మానేసింది. కుళాయి దగ్గర ఎదురుపడితే తన బిందె పక్కకు జరిపి నాకు చోటిచ్చేది, మాట మాత్రం లేదు.

ఇరవై రోజులకు బాబాయ్ మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. చేతిలో తెల్ల కాగితాలున్నాయి.

"అమ్మడూ, పైకి అప్పీలు పెట్టుకోవచ్చంట. నీ రాత బాగుంటుంది. రాసిపెడతావా?"

అమ్మ నన్ను చూసి తల ఊపింది. నేను వాళ్ళింటికి వెళ్ళాను. సామాను సగం అట్టపెట్టెల్లోకి చేరింది. బల్ల మీద చోటు చేసి బాబాయ్ కుర్చీ లాగాడు. తను ఎదురుగా పెట్టె మీద కూర్చున్నాడు. పిన్ని లోపలి గదిలో గిన్నెలు సర్దుతోంది.

పేరు, నంబరు, పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం రాశాను. అంతకు ముందు ఏ శిక్షా లేదని రాశాను. సంతకం పెట్టడం తప్పేనని ఒప్పుకుంటూ రాయమన్నాడు, రాశాను. అప్పీలు ఎలా రాయాలో ఆఫీసువాళ్ళిచ్చిన నమూనా కాగితంలో తర్వాతి అంశం, ఆ రోజు హాజరు కాకపోవడానికి కారణం.

"కారణం ఏమని రాయను బాబాయ్?"

నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఎవరూ అడగలేదు. పావుగంట బాబాయ్ ఆలస్యానికి కారణం అడగడమేమిటి? నేను మాత్రం రాత్రిళ్ళు ఏవేవో అనుకునేదాన్ని. పిల్లలెవరికో జ్వరమేమో, సైకిల్ పాడైందేమో, మంచి కారణమే ఉండుంటుందిలే అని.

బాబాయ్ గోళ్ళ వైపు చూసుకున్నాడు. "మీ నాన్నయితే ఈపాటికి ఏదో ఒకటి కల్పించి రాయించేసేవాడు. నా తరఫున తను చెప్పిన అబద్ధాలు అన్నీ ఇన్నీ కాదు. ఒకసారి నన్ను కుక్క తరిమిందని పెద్దసారుతో చెప్పాడు. ఆయన నిజమని సూది వేయించుకోమని సెలవిచ్చాడు." నవ్వబోయి ఆగిపోయాడు. "ఆ రోజు పొద్దున్నే లేచా తల్లీ. తయారయ్యా కూడా. చొక్కా గుండీ ఊడిపోయింది. మీ పిన్నిని కుట్టమన్నా. తను కుడుతుంటే ఎదురుగా కూర్చుని చూస్తున్నా. ఏదో మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో కూడా గుర్తులేదు. నవ్వుకున్నాం. అంతే. ఇంకేం లేదు."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది.

"ఒంట్లో బాగాలేదని రాయనా?" అన్నాను మెల్లగా.

"వద్దు. ఉన్నదే రాయి."

రాశాను. చొక్కా గుండీ కుట్టించుకుంటూ కూర్చున్నందువల్ల సమయానికి హాజరు కాలేకపోయాను. అంత పెద్ద కాగితంలో ఆ వాక్యం చిన్నపిల్లలు రాసినట్టు ఉంది. పైవాళ్ళు చదివి నవ్వుతారేమో అనిపించింది. బాబాయ్‌కి చదివి వినిపించాను. ఆయన అలాగే ఉండనిమ్మన్నట్టు తల ఊపాడు.

నా వెనక ఎవరో నిలబడినట్టు అనిపించి చూశాను. పిన్ని. ఎప్పుడు వచ్చిందో తెలియదు. నా భుజం మీదుగా వంగి కాగితం చదువుతోంది. ఆమె చేతి తడి నా జాకెట్టుకు అంటింది.

"ఒకటి కాదు," అంది. "రెండు ఊడాయి."

నేను గుండీ అన్న మాట కొట్టేసి, పైన రెండు గుండీలు అని రాశాను.